దీవెన పెట్టెలో బియ్యం

ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో మీరు ఏం చేశారమ్మా అని ఎవరైనా అడిగితే నేను ఒకటే చెబుతాను. ఆడపిల్లలు అన్నం తింటుంటే చూశాను. వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. నెలజీతం పుచ్చుకుని చేసిన పని అది. దాన్ని సరిగ్గా చెయ్యడం రావడానికి నాకు పదిహేనేళ్ళు పైనే పట్టింది.

చిలకలూరిపేట దగ్గర, హైవేకి కాస్త లోపలగా, ఒక చర్చి వాళ్ళు నడిపే ఆడపిల్లల హాస్టల్లో నేను వార్డెన్ని. పేరు చెప్పను. ఆ హాస్టలు ఇంకా నడుస్తోంది, అక్కడివాళ్ళతో నాకింకా మాటలున్నాయి, వాటిని చెడగొట్టుకోవడం నాకిష్టం లేదు. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా అరవై, డెబ్భై మంది పిల్లలు. పగలు పక్కనున్న బడికి వెళ్ళేవాళ్ళు, మిగతా పొద్దంతా నా ప్రాణం తోడేసేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు మిరపకోతలకీ, పత్తితీతలకీ, స్పిన్నింగు మిల్లులకీ, మార్టూరులో రాళ్ళ పాలిషింగుకీ పోయేవాళ్ళు.

మొన్న ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. కొత్తగా వార్డెన్ ఉద్యోగం దొరికిందట. "రిజిస్టర్లు ఎలా రాయాలో కాస్త చెప్తారా మేడమ్" అని అడిగింది. రిజిస్టర్లు రాయడం ఎవరైనా నేర్పుతారు తల్లీ, నువ్వు కూర్చో, నీకు వేరే సంగతి చెప్తాను అన్నాను. ఆ అమ్మాయికి బస్సు టైమైపోయి సగంలో లేచింది. మిగతా సగం కూడా కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

కంచం చూసి ఇల్లు చెప్పడం

జూన్‌లో హాస్టలు తెరిచిన మొదటి వారం వేరే పనులేవీ పెట్టుకోకండి. భోజనాల దగ్గర నిలబడండి. కొత్తపిల్లలు ఎలా తింటున్నారో చూడండి. దరఖాస్తు కాయితంలో లేనివన్నీ అక్కడ కనపడతాయి.

ఎడమచెయ్యి కంచం చుట్టూ అడ్డంపెట్టి తినే పిల్లకి ఇంట్లో పెద్దన్నలుంటారు, లేదా ఎప్పుడో ఎవరో కంచంలోది లాక్కుని ఉంటారు. ముందు గుడ్డు తినేసి తర్వాత వట్టి అన్నం తినే పిల్ల ఒక రకం. గుడ్డును చివరిదాకా దాచుకుని, అన్నం అంతా అయ్యాక ఆఖర్న ముక్కలు ముక్కలుగా తినే పిల్ల ఇంకో రకం. ఈ రెండో రకం పిల్లని ఎవరూ ఏమీ లాక్కోని ఇంట్లో పెంచారని అర్థం. గరిటె ఎటు పోతే కళ్ళు అటు తిప్పే పిల్ల ఉంటుంది. తన కంచం నిండుగా ఉన్నా దాని చూపు గిన్నె మీదే ఉంటుంది. ఆ పిల్ల మీద ఒక కన్నేసి ఉంచండి.

ఒకసారి గుంటూరులో మాకు శిక్షణ తరగతి పెట్టారు. అందులో ఒక డాక్టరమ్మ చెప్పింది, మనిషి పుట్టిన మొదటి రెండు మూడేళ్ళలో పొట్టలోకి ఎంత తిండి పోయిందో, మనసులోకి ఎంత భయం పోయిందో, ఆ రెండూ కలిసి పెద్దయ్యాక ఎలా తింటారో నిర్ణయిస్తాయని. మధ్యాహ్నం భోజనం తర్వాత చెప్పింది కాబట్టి సగంమంది నిద్రపోయారు. నేను మాత్రం నిద్రపోలేదు, ఎందుకంటే ఆవిడ నా గురించే చెబుతున్నట్టు అనిపించింది. మేం ఆరుగురం పిల్లలం, నేను ఐదోదాన్ని. ఇప్పుడు నాకు అరవై రెండేళ్ళు. పెన్షనుంది, ఫ్రిజ్జులో కూరలున్నాయి, ఇంట్లో ఉండేది ఇద్దరం. అయినా నేను అన్నం తింటుంటే బయట బస్సు హారను కొడుతున్నట్టు గబగబా తింటాను. మా ఆయన మెల్లగా ఒక్కొక్క మెతుకే లెక్కపెట్టుకుంటూ, "నిదానం, నిదానం, ఇక్కడ ఎవరూ పోటీకి రావట్లేదు" అంటాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు. ఆయనకేం తెలుసు.

నన్ను వరండాలోకి పంపించిన మనిషి

మా వంటమనిషి పేరు ఖాసింబీ. నాకంటే పదేళ్ళు చిన్నది, మాటలో పదేళ్ళు పెద్దది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆమె మొగుడికి మార్టూరులో రాయి పాలిషు పని. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ అతను దగ్గుతూ ఇంట్లోనే ఉంటే, ఈమె గరిటె పట్టుకుని సంసారం ఈదింది. చర్చి వాళ్ళ హాస్టల్లో ముస్లిం వంటమనిషేంటని మొదట్లో ఒకరిద్దరు గొణిగారు. ఆమె గోంగూర పప్పు తిన్న తర్వాత ఆ గొణుగుడు ఎవరి నోటా వినపడలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో భోజనాల దగ్గర గొంతు చించుకునేదాన్ని. వరస తప్పారని, మాట్లాడుతున్నారని, చింతపండు తొక్కు కింద వేశారని, ప్రతిదానికీ కేకలే. అలా అరిస్తేనే వార్డెన్ అనుకునేదాన్ని. ఆ ఏడాది నల్లపాడు నుంచి ఒక పిల్ల వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకునేది, మింగేది కాదు. బుగ్గలో అలాగే పెట్టుకుని గంటసేపు కూర్చునేది. నేను "మింగవే" అని అరిచేదాన్ని. ఆ పిల్ల ఇంకా బిగుసుకుపోయేది.

పది రోజులు చూసి ఖాసింబీ నా దగ్గరికొచ్చింది. "మేడమ్, ఒక మాట చెప్తా, కోప్పడమాకండి. మీరు కాసేపు అట్టా వరండాలోకి పోయి నుంచోండి."

"ఎందుకు?"

"మీరు అరిస్తే ఆ పిల్ల మింగదు. వాళ్ళ నాన్న రోజూ తాగొచ్చి అన్నాల కాడే గొడవ పెట్టుకుంటాడంట. అరుపులు వినపడితే దాని గొంతు మూసుకుపోయిద్ది."

నాకు ముక్కుమీద కోపం. వంటమనిషి వార్డెన్ని బయటికి పొమ్మనడమేంటి అని ఒళ్ళు మండిపోయింది. కానీ అందరి ముందూ తగువెందుకులే అని వరండాలోకి పోయి, ముఖం మాడ్చుకుని, జామచెట్టు చూస్తూ నిలబడ్డాను. పావుగంట తర్వాత తలుపు సందులోంచి చూస్తే ఆ పిల్ల మారు అన్నం పెట్టించుకుంటోంది. ఆ రోజు నుంచి నేను భోజనాల దగ్గర అరవడం మానేశాను. చదువు దగ్గర అరిచాను, స్నానాల దగ్గర అరిచాను, ఆ లోటు అలా తీర్చుకున్నాను.

కొత్తగా చేరేవాళ్ళకి చెబుతున్నాను, వంటమనిషితో మంచిగా ఉండండి. పిల్ల పొట్ట సంగతి మీకంటే ఆమెకి ముందు తెలుస్తుంది. మీరు ఇన్‌ఛార్జి అయితే అయ్యారు, గరిటె ఆమె చేతిలో ఉంది.

పాలపొడి డబ్బా

ఇక దీవెన. నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఈ పిల్ల విషయంలోనే చేశాను. పైగా ఎంతో సంతోషంగా చేశాను.

ప్రకాశం జిల్లా వైపు ఒక మిరపపొలాల ఊరి నుంచి వాళ్ళ నాయనమ్మ తీసుకొచ్చి మూడో తరగతిలో చేర్పించింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఆరేళ్ళ ఒళ్ళు. మాట లేదు, అల్లరి లేదు. తినడం మాత్రం చూసి తీరాలి. గరిటె వెంట కళ్ళు తిరిగేవని చెప్పానే, ఆ రకం. ఎంత పెట్టినా తినేది. ఖాసింబీ ఇంకా కావాలా అంటే తల ఊపేది, ఊపిన ప్రతిసారీ ఖాసింబీ వడ్డించేది. నేను అడ్డం పడేదాన్ని. మనిషికి ఇన్ని గరిటెలని నా లెక్క నాకుండేది. "మొదటి నెల లెక్కలు పెట్టమాకండి మేడమ్" అని ఖాసింబీ నా మాట తోసిపారేసేది.

శనివారం మధ్యాహ్నాలు పిల్లలంతా వరండాలో చాపలేసుకుని, చేటల్లో పోసుకుని, వారానికి సరిపడా బియ్యం ఏరేవాళ్ళు. దీవెన ఈ పనికి అందరికంటే ముందొచ్చేది. రాయి ఒక్కటి మిగలనిచ్చేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని నేను మురిసిపోయాను.

అక్టోబరులో ఒక శనివారం నల్లుల మందు కొట్టించడానికి రేకుపెట్టెలన్నీ బయటికి తీయించాను. దీవెన పెట్టె అడుగున, పాత లంగా కింద, ఒక పాలపొడి డబ్బా ఉంది. మూత తీస్తే దాన్నిండా ఏరిన బియ్యం.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఆ పిడికిలి బియ్యం దేవుడిది. నెలకొకసారి చర్చికి తీసుకెళ్ళి కానుకగా ఇస్తారు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా మా అమ్మ ఆ పిడికెడు మానలేదు. డబ్బాలో బియ్యం చూడగానే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. ఇంత చిన్నపిల్ల, హాస్టల్లో కూడా ఆ అలవాటు తప్పకుండా పిడికెడు పిడికెడు దాస్తోందే అని నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లని పిలిచి అడిగానా? అడగలేదు. అడగాల్సిన అవసరం ఏముంది, నాకంతా తెలుసు కదా.

మర్నాడు ఆదివారం. మా హాస్టలుకి మేనేజరూ, మా చర్చికి పాస్టరూ ఒకరే. మేం అయ్యగారు అనేవాళ్ళం. ఆరాధన మధ్యలో ఆయన అనుమతి తీసుకుని నేను లేచి, దీవెన భక్తి గురించి పది నిమిషాలు మాట్లాడాను. నాకు బాగా మాట్లాడటం వచ్చు, ఆ రోజు ఇంకా బాగా వచ్చింది. స్త్రీల సమాజం వాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. తెచ్చి పొయ్యమని పిలిస్తే, దీవెన డబ్బా పట్టుకుని ముందుకి నడిచింది. కానుకల బుట్టలో బియ్యం మొత్తం పోసింది. పోసి, డబ్బా తిప్పి, అడుగున ఏమైనా మిగిలిందేమో అని చూసుకుంది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఆనందబాష్పాలు అనుకున్నాను. నన్ను చూసి నేనే నవ్వుకోవాల్సిన సందర్భాలు నా జీవితంలో చాలా ఉన్నాయి గానీ, ఈ ఒక్కదానికి మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఇంటికి పంపించే జాబితా

ఆ తర్వాతి వారం నుంచి హాస్టల్లో తినేవి మాయం కావడం మొదలైంది. ఒకరి పెట్టెలో జంతికలు, ఇంకొకరి పెట్టెలో వేరుశనగ ఉండలు, స్టోరులో బెల్లం. దీవెన తలగడ కింద ఎండిపోయిన చపాతీలు, వాటికి చీమలు. నెలాఖరు ఆదివారం చర్చిలో అందరం కలిసి తినే ప్రేమవిందు జరిగింది. ఆ రోజు దీవెన తిని, తిని, లేచి, గోడ పక్కకి పోయి వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి పంక్తిలో కూర్చుంది.

పిల్లలు ఊరుకుంటారా. "దొంగది మేడమ్" అని వరసకట్టి వచ్చి చెప్పారు. మొన్నటిదాకా భక్తురాలు, ఇప్పుడు దొంగ.

అయ్యగారు చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఒక్క పిల్ల జ్వరంతో పడుకుంటే రెండుసార్లు వచ్చి చూసిపోయేవాడు. కానీ ఆయనకి పుట్టిన దగ్గర్నుంచీ వేళకి అన్నం దొరికింది. అలాంటివాళ్ళకి ఆకలి సంగతి చెబితే అర్థమవుతుంది గానీ తెలియదు. "ఈ అలవాటు మిగతావాళ్ళకి అంటుకుంటుందమ్మా. క్రిస్మస్ సెలవులకి ఇంటికి పోయేవాళ్ళలో మళ్ళీ రానక్కర్లేని వాళ్ళ జాబితా ఒకటి రాస్తున్నాను. అందులో ఈ పిల్ల పేరు రాస్తాను. మీరు ముందుగా వాళ్ళ పెద్దవాళ్ళకి ఒకసారి చెప్పి రండి" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నేను సరేనన్నాను. నాకూ ఆ పిల్లంటే విసుగు పుట్టింది. నేను సభలో అంత గొప్పగా చెప్పాక నా పరువు తీసిందని లోపల ఉక్రోషం కూడా ఉంది.

వంటగదిలోకి పోయి ఖాసింబీతో ఈ సంగతి చెప్పాను. ఆమె ఉల్లిపాయలు కోస్తూ తల ఎత్తకుండా అడిగింది. "ఆ బియ్యం ఎందుకు దాచిందో ఆ పిల్లని ఎప్పుడన్నా అడిగారా మేడమ్?"

"చర్చికని..."

"చర్చికని అది చెప్పిందా, మీరు చెప్పారా?"

హాస్టలు నుంచి పంపించేస్తే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుందనీ, మళ్ళీ మిరపచేలోకే పోతుందనీ నాకు తెలియక కాదు. అప్పటిదాకా దాన్ని తలచుకోలేదు, అంతే.

నాయనమ్మ చెప్పింది

రెండు బస్సులు మారి వాళ్ళ ఊరెళ్ళాను. కల్లం నిండా, కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన పాత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నా తుమ్ములు ఆగలేదు. నాయనమ్మ నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని కాయలకి తొడిమలు తీస్తోంది. నన్ను చూడగానే చేతులు దులుపుకుని లేచి వచ్చి, కల్లం పక్కనున్న మంచం వాల్చింది.

"పిల్ల బాగుందా అమ్మగారూ?"

"బాగుంది. తిండే కాస్త..." అని నసిగాను.

"తినట్లేదా?"

"తింటోంది. ఎంత పెట్టినా తింటోంది. దాచుకుంటోంది కూడా."

ముసలామె వెనక్కి ఒకసారి చూసి మంచం దగ్గరికి జరిగింది. తర్వాత తొడిమలు తీసేవాళ్ళకి వినపడకుండా మెల్లగా చెప్పింది. "దానికప్పుడు రెండేళ్ళండి. నేనూ, దాని అమ్మా కాయ కొయ్యటానికి పోయేవోళ్ళం. చేని గట్టున కర్రలు పాతి ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవోళ్ళం. కోతలప్పుడు పొట్టనిండా తినేవోళ్ళం. ఎండలొచ్చినాక పనుండదు. ఒక పూట వండితే ఇంకో పూట గంజి. ఒక్కోనాడు అదీ లేదు. ఇది ఏడిచేది. ఏడిస్తే మావోడు కొట్టేవోడు. వాడూ పస్తే గదండీ, వాడికి ఆ ఏడుపు వినబుద్ధయ్యేది కాదు. అట్టా అట్టా ఇది ఏడవటం మానేసింది. కుండ పక్కన కూచుని మూత వంక చూస్తా ఉండేది. పొద్దుగూకులూ అదే పని."

"ఇప్పుడు వాళ్ళ అమ్మానాన్నా?"

"ఇటికెల బట్టీకి పోయారు. ఇప్పుడు తినటానికి బాగానే ఉంటంది. కానీ ఆకలి పొట్టలోంచి పోయిద్దండి, కళ్ళల్లోంచి పోదు."

నేను అడగాల్సిన మాట అప్పుడడిగాను. "పిడికిలి బియ్యం తియ్యడం నువ్వే నేర్పావా దానికి?"

ఆమె నా వంక విచిత్రంగా చూసింది. "పిడికెడు తీసి పక్కన పెట్టేంత బియ్యం మా ఇంట్లో యాడుండాయండీ?"

నాలుక కరుచుకున్నాను. పొయ్యి మండని ఇంట్లో పెరిగిన పిల్ల తన భయానికి దాచుకున్న బియ్యాన్ని, నేను అందరిముందూ నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, పోయించేశాను. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు. ఆ పని నేను ప్రార్థనతో సహా చేశాను.

"పిల్లని పంపించేస్తారా అమ్మగారూ? అందుకే వచ్చారా?" అని ముసలామె అడిగింది. నేను ఔననలేకపోయాను. "లేదు లేదు, ఊరికే చూసిపోదామని" అన్నాను. ఆమె నమ్మినట్టుంది. నేను వద్దంటున్నా వినకుండా రెండు కిలోల ఎండుమిరపకాయలు సంచిలో కట్టి ఇచ్చింది. పిల్లని వదిలించుకోవడానికి పోయినదాన్ని, బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని దారిపొడుగునా తుమ్ముతూ తిరిగొచ్చాను.

రేపటికి ఉంది

వచ్చాక ముందు దీవెననే పిలిచాను. పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ బియ్యం ఎందుకు దాచావే?" అన్నాను.

నేల చూస్తూ చెప్పింది. "లేనప్పటికి."

"మరి చర్చిలో ఎందుకు పోశావు?"

"మీరు పొయ్యమన్నారుగా."

తప్పు నాదేనని చెప్పాను. ఎనిమిదేళ్ళ పిల్ల ముందు తప్పు ఒప్పుకోవడం కష్టమనుకున్నాను గానీ అంత కష్టమేం కాదు. ఆ పిల్ల "సరే" అని లేచిపోయింది. పిల్లలకి మన క్షమాపణలు దాచుకోవడానికి పనికిరావు.

అయ్యగారి దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నుదురు రుద్దుకున్నాడు. "మరి సంఘమంతటి ముందూ చెప్పాం కదమ్మా. ఇప్పుడు కాదంటే పిల్ల పరువు పోదా?"

"పోతే నాది పోతుందండి. చెప్పింది నేను."

ఆయన నవ్వాడు. "సరే, సెలవుల దాకా చూద్దాం. జాబితాలో పేరు పెన్సిలుతో రాస్తాను" అన్నాడు. ఆయన కరుణ అలా ఉండేది. రబ్బరు కూడా దగ్గరే పెట్టుకునేవాడు.

ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఖాసింబీకి తోచింది. "బియ్యం దాచుకునే పిల్లకి బస్తాలు చూపించాల గానీ బెత్తం చూపిస్తే ఏం లాభం మేడమ్" అంది. స్టోరు తాళం వార్డెన్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండకూడదని రూలు. ఆ రూలు పక్కన పెట్టాను. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే ఖాసింబీ దీవెనని స్టోరులోకి తీసుకెళ్ళేది. మర్నాటి బియ్యం ఆ పిల్ల చేతే కొలిపించేది. బస్తాల మీద చెయ్యి వేసి చూడనిచ్చేది. పాలపొడి డబ్బా కూడా మళ్ళీ నింపి ఇచ్చాం. అది నీదే, ఎవరూ ముట్టుకోరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మూత తీసి చూసుకో అని చెప్పాను. మొదట్లో గంటకొకసారి చూసుకునేది.

తర్వాత ఇంకో పని ఇచ్చాను. సాయంత్రం ప్రార్థన అయ్యాక దీవెన లేచి నిలబడి, రేపటికి ఏమున్నాయో అందరికీ చెప్పాలి. అసలు నోరే తెరవని పిల్ల. వారం తిరిగేసరికి మునిసిపాలిటీ మైకులాగా చెప్పడం మొదలుపెట్టింది. "రేపటికి బియ్యం ఉన్నై. కందిపప్పు ఉంది. గుడ్లు ఉన్నై. దోసకాయలు ఉన్నై."

పెద్దపిల్లలు ఏడిపించేవాళ్ళు. "ఎల్లుండికి, దీవెనా?"

"ఎల్లుండి సంగతి రేపు చెప్తా."

ఒకరోజు అయ్యగారు ప్రార్థనకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. దీవెన ఆయన ముఖంలోకి చూస్తూ, "నూనె రేపు ఒక్కరోజుకే ఉంది. అయ్యగారు ఇంకా పంపించలేదు" అని చెప్పింది. డెబ్భై మంది పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. మర్నాడు పొద్దున్నే నూనె డబ్బాలు దిగాయి. మూడేళ్ళుగా నేను రాసిన అర్జీలకి కదలని మనిషి అంత తొందరగా కదలడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

అంతా ఇలా నవ్వుతూనే నడిచిందని అనుకోకండి. డిసెంబరు మొదట్లో తుఫాను పట్టి, వానలకి సరుకుల బండి మూడు రోజులు రాలేదు. స్టోరులో రెండు బస్తాలే మిగిలాయి. ఆ సాయంత్రం దీవెన ప్రార్థనలో లేవలేదు. మర్నాడు సగం అచ్చు బెల్లం కనపడలేదు. ఆ పిల్ల పెట్టెలోనే దొరికింది. ఆ సంగతి నాకూ ఖాసింబీకీ తప్ప ఎవరికీ తెలియదు. అయ్యగారికి చెప్పడం నా ధర్మం. చెప్పలేదు. చెబితే పెన్సిలు మీద పెన్ను పడేది. నేను చేసిన మంచిపనుల్లో కొన్ని ఇలా రూలు తప్పి చేసినవే, వాటికి నేనేమీ సిగ్గుపడటం లేదు.

కొత్తగా వచ్చేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. చిన్నప్పటి ఆకలి మందు వేస్తే తగ్గే జ్వరం కాదు. తగ్గినట్టే తగ్గి, ఒక వాన పడగానే మళ్ళీ పైకొస్తుంది. అప్పుడు మీకు కోపం వస్తుంది, ఇంత చేశాక కూడా ఇదేంటి అనిపిస్తుంది. ఆ కోపాన్ని వరండాలోకి తీసుకుపోండి. పిల్లకి మాత్రం మర్నాడు వేళకి అన్నం పెట్టండి, ఆ తర్వాతి రోజూ పెట్టండి. ఇంతకంటే పెద్ద వైద్యం నాకు తెలియదు.

సెలవుల ముందు ఆదివారం

సెలవులు ఇచ్చే ముందు ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు మాతోపాటు భోజనానికి వచ్చాడు. జేబులో జాబితా ఉంది. సాయంత్రం పెద్దవాళ్ళకి ఫోన్లు చెయ్యాలని పొద్దున్నే నాతో అన్నాడు. ఆ రోజు గుడ్ల కూర. నా కళ్ళు దీవెన మీదే ఉన్నాయి, ఇంకెంత తింటుందో, మళ్ళీ వాంతి చేసుకుంటుందేమో అని.

పిల్ల సగం తిన్నది. బయట తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్లల వంక చూసింది. కంచం అక్కడే వదిలేసి లేచింది. కంచంలో ఇంకా అన్నం ఉంది, సగం గుడ్డు కూడా ఉంది.

ఖాసింబీ గరిటె పట్టుకుని అడ్డం వచ్చింది. తన కూర ఎవరన్నా వదిలేస్తే ఆమెకి పౌరుషం. "ఏందే, కూర బాలేదా?"

"బానే ఉంది. ఆకలి లేదు."

"ఆకలి లేదా? మరి ఇదంతా ఏం చేస్తావు? దాచుకోవా?"

దీవెన ఆమెని తిక్కమనిషిని చూసినట్టు చూసింది. "రాత్రికి మళ్ళీ వండుతావుగా" అని, ఆమె చెయ్యి కింద నుంచి దూరి, ఆటలోకి పరిగెత్తింది.

అయ్యగారికి అన్నం పారేస్తే పట్టరాని కోపం. ఎవరి కంచంలో మెతుకు మిగిలినా అక్కడికక్కడే ఒక చిన్న ప్రసంగం చేసేవాడు. ఇప్పుడు కూడా గొంతు సవరించుకున్నాడు. నేను, ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒకే ఒక్కసారి, నా పైవాడి నోరు మూయించాను. "అయ్యగారూ, ఇప్పుడేం మాట్లాడకండి. దయచేసి" అన్నాను. ఆయన నన్ను చూశాడు, కంచాన్ని చూశాడు, కిటికీలోంచి గెంతుతున్న పిల్లని చూశాడు. తర్వాత ఎడమచేత్తో జేబులోంచి కాయితం తీసి, మడత విప్పకుండానే నా వైపు జరిపి, "మీరే చెరిపెయ్యండమ్మా, నాకు చెయ్యి ఎంగిలి" అన్నాడు.

ఖాసింబీ ఇంకా అక్కడే, గరిటె పట్టుకుని, సగం తిన్న ఆ కంచం ముందు నిలబడి ఉంది. కొంగు తీసి ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత నా మీద విరుచుకుపడింది.

"అట్టా చూస్తా కూచుంటారేంది మేడమ్, కంచం తియ్యండి. అవతల ఈగలు వాల్తన్నై."

తీశాను.